అండమాను ద్వీపయాత్ర

చెయ్యేటి యొడ్డున పుట్టిన పిల్లవానికి ఏరనగా నీరు గాదు, ఇసుక. సంవత్సరములో చాల నెలలు మన యేరు తెల్లని బాట వలె ఎండి పడియుండును. నీరు కావలసినవారు ఆ యిసుకలో చెలమ త్రవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడుకొందురు. ఈత నేర్వగోరు బాలుడు నడుమునకు బెండ్లు కట్టుకొని మోటబావిలో దుముకును. ఇట్టి సీమలో పెరిగిన మాకు సముద్రమనునది బడిగోడమీది పటములో నీలిరంగుగా మాత్రమే పరిచయము. ఆ నీలిరంగు నడుమ చీమలబారు వలె కనబడు చిన్న చుక్కలను చూపి, "ఇవి అండమాను దీవులు" అని ఉపాధ్యాయులు చెప్పినప్పుడు, అచ్చటికి మనుష్యులు పోవుదురనియే మాకు తోచలేదు.

ఇప్పుడు మేమును, మాతో కూడ చదివిన మిత్రుడొకడును, వీపున చెరియొక సంచి తగిలించుకొని ఆ చుక్కలపై నడచి వచ్చితిమి. ఎట్లు పోయితిరి, ఏమి చూచితిరి, భయము లేదా యని పలువురు పిల్లలును, వారి తల్లిదండ్రులును మమ్ము ప్రశ్నించిరి. ఆ ప్రశ్నలకు ఉత్తరముగా నీ వ్యాసము వ్రాయుచున్నాము. దీవుల యందమును మాత్రమే వర్ణించి ఊరకుండుట మా యుద్దేశము గాదు. ఒకనాడు మా యజ్ఞానమువలన మా మిత్రుని ప్రాణమునకే ముప్పు వచ్చినది. ఆ సంగతియు దాచక చెప్పెదము.

మొదట ప్రయాణసన్నాహము. అండమానులలో మే మాసము మొదలుకొని సంవత్సరాంతము వరకు వానలు కురియుచుండును. కావున జనవరి మొదలు ఏప్రిలు వరకు గల కాలము కాలినడక ప్రయాణమునకు అనుకూలము. మేము జనవరిలో బయలుదేరితిమి. సంచిలో రెండు జతల నూలుబట్టలు, ఒక దుప్పటి, దోమతెర, తలకు టోపీ, నీళ్ళసీసా, చిన్న దీపము, గాయములకు మందు, పగ్గపుచుట్ట యొకటి మాత్రమే యుంచితిమి. మొదట మేము సర్దిన సంచి దీనికి రెండింతలుండెను. దానిని వీపున బెట్టుకొని రాజంపేట వీథులలో ఒక గంట తిరిగి వచ్చిన పిమ్మట సగము వస్తువులు వాటంతట అవియే అనవసరములుగా తోచినవి! ప్రయాణము చేయదలచినవారందరును ఈ పరీక్ష చేసికొనుట మంచిది. మరియు మేమిద్దరము ఒక నియమము చేసికొంటిమి: ఎన్నడును ఒకరిని విడిచి యొకరు నీటిలో దిగరాదు. ఈ నియమమే తరువాత మమ్ము కాపాడినది.

రాజంపేటలో రైలెక్కి, కోడూరి తోటలను దాటి, రేణిగుంట, అరక్కోణముల మీదుగా చెన్నపట్టణము చేరితిమి. అచ్చటి రేవునుండి అండమానులకు ప్రయాణికుల యోడలు పోవుచుండును. విశాఖపట్టణమునుండియు, కలకత్తానుండియు గూడ ఓడలు కలవు. చెన్నపట్టణమునుండి దూరము సుమారు 1,190 కిలోమీటర్లు. ప్రయాణము ఇంచుమించు మూడు దినములు. వాతావరణమును బట్టి ఓడ బయలుదేరు దినము మారుచుండును గనుక, తొందరపని గలవారు ఈ మార్గమున పోరాదు. విమానములో రెండు గంటలకు కొంచెము పైగా పట్టును. కాని సముద్రమెంత పెద్దదో తెలియుటకు ఓడయే తగిన సాధనము.

మేము తక్కువ వెలగల అరలలో, ఒకదానిపై నొకటిగా నున్న పడకలలో ప్రయాణించితిమి. మొదటి రాత్రి మా మిత్రునికి తల తిరిగి వాంతులైనవి. దీనికి కారణము విచిత్రమైనది. చెవిలోపల శరీరము యొక్క సమతూకమును తెలుపు అవయవ మొకటి కలదు. అది "ఊగుచున్నాము" అని చెప్పుచుండగా, గదిగోడలను చూచు కన్ను "కదలుట లేదు" అని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకు పొసగనందున మెదడు కలతపడును. పైతట్టునకు వచ్చి దూరమున ఆకాశమును సముద్రమును కలియు రేఖను చూచుచు కూర్చున్నచో చాలవరకు ఉపశమించును. మా మిత్రుడు రెండవ దినమంతయు అట్లే కూర్చుండెను. తీరముచెంత మడ్డిగా నున్న నీరు క్రమముగా ఆకుపచ్చనై, పిదప సిరావలె నీలవర్ణమయ్యెను. పక్షులవలె ఎగురు చేపలు ఓడప్రక్కన గుంపులుగా లేచి పడుచుండెను.

మూడవనాటి యుదయమున మేము మేల్కొనునప్పటికే సూర్యుడు చాల పైకి వచ్చియుండెను. మా గడియారము చెడినదేమో యని మిత్రుడు సందేహించెను. చెడలేదు. రాజంపేట 79వ తూర్పు రేఖాంశమునకు సమీపమున నున్నది. అండమానుల ముఖ్యపట్టణము 93వ రేఖాంశమునకు సమీపమున నున్నది. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక, అచ్చట సూర్యుడు మనకంటె ఇంచుమించు 54 నిమిషములు ముందు నడచును. గడియారము మాత్రము దేశమంతటికి నొకటే. అందువలన జనవరిలో అచ్చట సాయంకాలము 5 గంటలు దాటిన కొంతసేపటికే ప్రొద్దు గ్రుంకును. తరగతిలో కంఠస్థము చేసిన రేఖాంశముల లెక్క మాకు ఆనాడు గాని కంటికి కనబడలేదు.

ఈ ముఖ్యపట్టణమును పూర్వము పోర్టుబ్లెయిరు అనెడివారు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అండమాను నికోబారు దీవులు నిజమునకు సముద్రములో మునిగియున్న యొక పర్వతపంక్తి శిఖరములు. బర్మాలోని అరకాన్ పర్వతములకు ఇవి కొనసాగింపు. చిన్న రాళ్ళతో గూడ లెక్కించినచో 800లకు పైగా నున్నవి గాని, జనులు నివసించునవి కొలదియే. మొత్తము వైశాల్యము 8,249 చదరపు కిలోమీటర్లు. ఇచ్చటి సెల్యులార్ జైలు 1896 మొదలు 1906 వరకు కట్టబడినది. నక్షత్రమువలె ఏడు రెక్కలుగా నుండిన ఆ కట్టడములో నేడు మూడు రెక్కలే మిగిలినవి. ఒక కొట్టులోని ఖైదీ మరియొక కొట్టులోని వానిని చూడజాలకుండునట్లు దానిని కట్టిరి. మిత్రునితో కలసి పోయిన మేము ఆ యొంటరి కొట్ల ముందు నిలిచి, మనుష్యునికి తోడు లేకుండ చేయుటయే అన్ని శిక్షలలో క్రూరమైనదని తలంచితిమి.

వీథిలోనికి రాగానే తెలుగు మాట వినబడెను. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో పలువురి పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపలవేటకై వచ్చి స్థిరపడినవారు. వారి యాస మనకు కొంత క్రొత్తగా నుండును. మన కడప మాట వారికి మరింత క్రొత్త. అయినను తెలుగువారము అనగానే ఒకరిద్దరు మమ్ము భోజనమునకు పిలిచిరి.

శ్రీ విజయపురమునుండి చిన్న యోడలో స్వరాజ్ ద్వీపమునకు పోయితిమి. దీనికి 2018 డిసెంబరు వరకు హావ్‌లాక్ అని పేరు. ఇచ్చటి రాధానగర్ తీరము లోకప్రసిద్ధము. అడవిచెట్లు ఇసుక వరకు వచ్చి నిలిచియుండును. ఇసుక పిండివలె మెత్తగా, తెల్లగా నుండును. మన చెయ్యేటి యిసుక కొండరాయి అరిగి వచ్చినది. ఈ దీవుల తెల్లనియిసుకలో ఎక్కువ భాగము ఒకప్పుడు ప్రాణముతో నుండినదే. పగడపుపురుగులు కట్టుకొన్న సున్నపు గూళ్ళును, గవ్వలును అలల తాకిడికి పొడియై ఒడ్డున చేరును. కొన్ని జాతుల చేపలు పగడపురాతిని కొరికి, ఆహారమును తీసికొని, మిగిలిన సున్నమును ఇసుకగా విసర్జించును.

పగడమనగా చెట్టు గాదు, రాయి గాదు. వేలకొలది మృదువైన చిన్న జీవుల కాపురము. ఆ జీవుల దేహములో సూక్ష్మమైన నాచు నివసించుచు, సూర్యరశ్మితో ఆహారము చేసి యిచ్చును. పగడమునకు రంగు ఆ నాచువలననే. సముద్రపు వేడి కొలది డిగ్రీలు పెరిగి చాలదినములు నిలిచినచో, ఆ నాచు వెడలిపోయి పగడము తెల్లబారును. వేడి తగ్గకున్న చచ్చును. 2010లో అండమానులలో విశేషముగా నిట్లు జరిగెను. కావున ఈ గూళ్ళపై కాలు మోపరాదు. పగడములను, కొన్ని జాతుల శంఖములను వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. వాటిని ఏరి తెచ్చుట నేరము. మేము తీరమున చూచిన వానిని తీరముననే విడిచి రిక్తహస్తములతో వచ్చితిమి. చెల్లెలికి గవ్వ తెత్తునని మాట యిచ్చిన మా మిత్రునికి ఇది కొంచెము కష్టముగనే యుండెను.

తరువాత షహీద్ ద్వీపమునకు పోయితిమి. ఇచ్చటి తీరములకు సీతాపురము, లక్ష్మణపురము, భరతపురము అని రామాయణపు పేర్లు. లక్ష్మణపురము చెంత అలలు తొలిచిన రాతివంతెన యొకటి కలదు. పాటు సమయమున మాత్రమే దానియొద్దకు నడచిపోవ వీలగును. చంద్రుని యాకర్షణవలన ప్రధానముగాను, సూర్యునివలన కొంతయు, సముద్రము దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తీయును. ఒక పోటునకును మరియొక పోటునకును సుమారు 12 గంటల 25 నిమిషముల వ్యవధి యుండును. అమావాస్య పూర్ణిమలలో హెచ్చుతగ్గులు ఎక్కువ. అండమానులలో అప్పుడు ఇంచుమించు రెండు మీటర్లుండును. మేము రాతిగుంటలలోని రంగురంగుల చేపలను చూచుచు ఆలస్యము చేసితిమి. వచ్చునప్పుడు పాదములు తడియని త్రోవలో పోవునప్పుడు మోకాలిలోతు నీరుండెను! దీనిని మేము వేడుకగా దలంచి నవ్వుకొంటిమి. సముద్రము మాకు మొదటి హెచ్చరిక చేసినదని గ్రహింపలేదు.

రెండవ హెచ్చరిక అట్లు మృదువుగా రాలేదు. మరల దక్షిణ అండమానునకు వచ్చి, జనులు అంతగా లేని యొక తీరమున స్నానమునకు దిగితిమి. ఒకచోట అలలు విరిగి నురుగు లేచుచుండెను. దాని ప్రక్కన పదిగజముల మేర అలలు లేక, నీరు నల్లగా, నెమ్మదిగా కనబడెను. "ఒరే, ఇది మన బావివలె నున్నదిరా" అని మా మిత్రుడు అటు దిగెను. మేము ఒడ్డున సంచులయొద్ద నుంటిమి. ఇద్దరము కలసియే దిగవలయునను నియమమును ఆ క్షణమున మరచితిమి. నాలుగు బారలు వేసి వెనుకకు తిరిగిన మిత్రుడు ఒడ్డువైపు ఈదుచుండెను. కాని ఒడ్డునకు రాక దూరమగుచుండెను. ఊరిలో అందరికంటె మేటి యీతగాడు వాడు. వాని చేతులు క్రమముగా అలసిపోవుట మాకు కనబడెను. మేము చొక్కా విప్పి దుముకబోతిమి.

అప్పుడు వల బాగుచేయుచున్న యొక పెద్దమనుష్యుడు వెనుకనుండి మా భుజము పట్టుకొని, "నువ్వు దిగకు బాబూ! ఇద్దరూ పోతారు" అని తెలుగున కేకవేసెను. పిమ్మట సముద్రమువైపు తిరిగి రెండు చేతులును ప్రక్కకు చూపుచు, "ఒడ్డుకి కాదు, పక్కకి! పక్కకి ఈదు!" అని అరచెను. మేమును గొంతెత్తి అదియే అరచితిమి. మా మిత్రుడు విని, ఒడ్డుతో సమానముగా ప్రక్కకు సాగెను. మా సంచిలోని పగ్గమును ఒక ఖాళీ నీళ్ళడబ్బాకు కట్టి ఆయన విసరెను. రెండుమారులు తప్పి, మూడవమారు అది మిత్రునికి అందెను. చిన్ననాడు బెండ్లు కట్టుకొని నేర్చినవాడు మరల బెండు పట్టుకొనియే ఒడ్డెక్కెను. కొంతసేపు ముగ్గురిలో ఎవరును మాటలాడలేదు.

ఆ నల్లని నీటి మర్మమును ఆ పెద్దాయనయే మాకు బోధించెను. అలలు ఎడతెగక నీటిని ఒడ్డునకు తెచ్చి పోయుచుండును. ఆ నీరు మరల సముద్రమునకు పోవలయును గదా! అది ఇసుకతిప్పల నడుమ లోతైన సందు చూచుకొని, కాలువవలె వేగముగా వెనుకకు పోవును. అచ్చట లోతు హెచ్చు గనుక అలలు విరుగవు. అందుచే తెలియనివానికి అదియే శాంతమైన రేవుగా కనబడును. ఈ కాలువ మనుష్యుని అడుగునకు లాగదు, దూరమునకు మాత్రమే కొనిపోవును. దానికి ఎదురీదువాడు ఎంత బలవంతుడైనను అలసి మునుగును. చేయవలసినది యిది: తొందరపడక వెలికిల తేలుచు, చేయెత్తి సహాయమునకు పిలువవలయును, శక్తి యున్నచో ప్రక్కకు ఈది, కాలువ దాటిన పిమ్మట అలలతో కూడ ఒడ్డునకు రావలయును. ఒడ్డున నున్నవాడు తాను దుముకక, తేలునట్టి వస్తువేదైన విసరవలయును. బావిలో నీరు నిలుచును, సముద్రములో నీరు నడచును. ఈ భేదము తెలియకపోవుటయే మా తప్పు. మన సీమనుండి విహారమునకై సముద్రతీరములకు పోవు బాలురందరును దీనిని పాఠమువలె నేర్వవలయును.

ఆ సాయంకాలము ఆయన మమ్ము తన యింటికి తీసికొనిపోయెను. ముంగిట రేకులకప్పు క్రింద వరుసగా నీటిపీపాలుండెను. ఇంటి యిల్లాలు మాకు చెంబుతో నీళ్ళిచ్చి, మేము సగము త్రాగి మిగిలినవి పారబోయబోగా వద్దని, వానిని తులసిచెట్టునకు పోసెను. చుట్టును అంత పచ్చని యడవి యుండగా నీటికి కొరతయా యని మేము అడిగితిమి. "మీకు వాన లేక నీళ్ళు లేవు, మాకు వానున్నా నీళ్ళు లేవు" అని పెద్దాయన నవ్వెను.

ఇది సత్యము. మన కడప సీమలో సంవత్సరమునకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. అండమానులలో సుమారు 3,000 మిల్లీమీటర్లు. అయినను ఎండకాలములో శ్రీ విజయపురమున నీటిని దినము విడిచి దినము పంచవలసి వచ్చుచుండును. దీవి ఇరుకైనది, కొండలు ఏటవాలైనవి. పడిన వాన కొలది గంటలలో సముద్రము పాలగును. పట్టణమునకు ధనిఖారి అను చోట కట్టిన యానకట్టయే ప్రధానమైన యాధారము. చిన్న దీవులలో ఇసుకలోనికి ఇంకిన వాననీరు, ఉప్పునీటికంటె తేలికైనది గనుక, దానిపై పొరవలె తేలియుండును. నిదానముగా తోడినచో తియ్యని నీరు వచ్చును. అత్యాశతో లోతుగా తోడినచో అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చి బావి చెడును. అదియు నొక చెలమయే! ఇన్ని వందల కోసులు దాటిపోయి మేము కనుగొన్నది మన యేటి చెలమనే యని మా మిత్రుడు అనెను.

మరునాడు సిప్పీఘాట్ అనుచోట ఉప్పునీటిలో మునిగిన పొలములను చూచితిమి. 2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రాయొద్ద సముద్రగర్భమున గొప్ప భూకంపము కలుగగా, దక్షిణ అండమానులోని నేల క్రుంగి సముద్రము పొలములలోనికి వచ్చి నిలిచినది. ఉత్తరమున కొన్నిచోట్ల నేల పైకి లేచి పగడములు ఎండలో పడినవి. ఉప్పెన నికోబారులలో ఊళ్ళకు ఊళ్ళను తుడిచివేసెను. అట్టి ప్రళయములో ఓంగీలు మొదలగు ఆదిమవాసులు, సముద్రము అసహజముగా తీయుట చూచి, ఎత్తైన చోట్లకు పోయి బ్రదికిరి. ఇది వారు బడిలో నేర్చినది గాదు. కాని నీటి నడకను వారి పెద్దలు వారికి నేర్పియుండిరి.

ఆ పొలముల గట్టున నిలిచినప్పుడు మాకు మన యూరే జ్ఞప్తికి వచ్చెను. 2021 నవంబరు 19వ తేదీన గొప్ప వానలకు చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములపై నీరు విరుచుకొనిపడుట మనమెరుగుదుము. ప్రాణములు, ఇండ్లు, పశువులు, తోటలు పోయినవి. సంవత్సరముల తరబడి ఎండి పడియున్న యేరు ఏమి చేయగలదో అంతవరకు మనలో చాలమందికి తెలియదు. మోకాలిలోతు నీటిలో నవ్వుకొన్న మాకును, ఎండిన యేటిని చూచి నిర్భయముగా నుండిన మనకును భేదమేమి?

కావున, ప్రియవిద్యార్థులారా! వయస్సు వచ్చిన పిమ్మట మీరును దూరదేశములు చూడుడు. తేలికైన సంచితో, మంచి మిత్రునితో పొండు. కాని ఏ నీటిలోనైనను కాలు పెట్టుటకు ముందు, దాని యొడ్డున బ్రదుకుచున్నవారిని అడుగుడు. వారు బోధించు సంగతులు మా పుస్తకములలో మాకు దొరకలేదు. తల్లిదండ్రులారా! పిల్లలకు ఈత నేర్పుడు. దానితోడనే నీటిపట్ల వినయమును గూడ నేర్పుడు.

మేము తిరిగి వచ్చిన సాయంకాలమే ఇద్దరము చెయ్యేటికి పోయితిమి. ఇసుకలో ఒక చిన్న చెలమ త్రవ్వి, నీరూరువరకు కూర్చుంటిమి. మిత్రుడు దోసెడు నీరు త్రాగి, మిగిలిన దానిని పారబోయక, గట్టుమీది వేపమొక్కకు పోసెను.